ఆమె రానంది సరే, మీరిస్తానన్నదేమిటి?

మన నగరాల్లో అందరికీ అక్కరకొచ్చే వాక్యం ఒకటుంది. "రమ్మన్నాం, ఆమే రానంది." ఫుట్‌పాత్ మీదో, బస్టాండులోనో, ఆస్పత్రి ప్రహరీ పక్కనో ఏళ్ళ తరబడి పడుకుంటున్న స్త్రీ గురించి ఎవరిని అడిగినా చివరికి ఈ వాక్యం దగ్గరికే వచ్చి ఆగుతారు. మునిసిపల్ ఉద్యోగి అంటాడు. పోలీసు అంటాడు. స్వచ్ఛంద సంస్థ కార్యకర్త కొంచెం బాధపడుతూ అంటుంది. డాక్టరు అదే మాటని "తనకి జబ్బుందన్న ఎరుక లేదు" అని తన భాషలో రాస్తాడు. ఆ తర్వాత ఇంకెవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. తప్పు ఆమెది, కాకపోతే ఆమె మతిది.

ఈ వాక్యాన్ని నమ్మనని మొండికేసి, ఆ మొండితనం మీదే తన వృత్తి జీవితమంతా కట్టుకున్న ఒక మానవశాస్త్రవేత్త ఉన్నాడు. పేరు కిమ్ హాపర్. న్యూయార్క్‌లో ఇల్లు లేని మనుషుల మధ్య 1970ల చివర మొదలుపెట్టిన పని ఆయన్ని కోర్టులకీ, షెల్టర్లకీ, మానసిక వైద్య పరిశోధనకీ, "కోలుకోవడం" అంటే ఏమిటన్న ప్రశ్నకీ తీసుకెళ్ళింది. ఆయన చేసిన పని గురించీ, ఆయనతోపాటు పనిచేసినా మన సిలబస్‌లకెక్కని స్త్రీ గురించీ, ఇదంతా చదివి మనం చెయ్యవలసినదాని గురించీ ఈ వ్యాసం. "మనం" అంటున్నది సాహిత్యం చదివి, సాహిత్యం బోధించి, సాహిత్యం మీద పత్రాలు సమర్పించి జీతాలు తీసుకునే మనం. ముందే చెప్పేస్తున్నాను, ఇది సమీక్ష కాదు, తగాదా.

1970ల చివరినాటి న్యూయార్క్‌ని కాస్త ఊహించుకోండి. మానసిక వైద్యశాలల్ని ఖాళీ చెయ్యడం అప్పటికి ఇరవై ఏళ్ళకి పైగా సాగుతోంది. 1955లో అమెరికాలోని రాష్ట్ర ప్రభుత్వాల మానసిక ఆస్పత్రుల్లో దాదాపు 5 లక్షల 60 వేల మంది ఉండేవాళ్ళు. వాళ్ళని బయటికి పంపేటప్పుడు ఊళ్ళోనే వైద్యం, ఊళ్ళోనే ఆసరా దొరుకుతాయన్నారు. ఆ ఆసరా చాలామందికి దొరకనే లేదు. పైగా, వారానికింతని కట్టి పేదవాళ్ళు ఉండగలిగిన ఒంటిగది లాడ్జీలు కూడా అదే కాలంలో మాయమవుతూ వచ్చాయి. వాటిని ఖరీదైన ఫ్లాట్లుగా మార్చుకునే యజమానులకి నగరమే పన్ను రాయితీలిచ్చింది. ఒకవైపు ఆస్పత్రి తలుపు తెరుచుకుంది, మరోవైపు చవక గది తలుపు మూసుకుంది. మధ్యలో మిగిలింది వీధి.

వీధిలో కనపడుతున్న మనుషుల గురించి అధికారులు చెప్పిన సమాధానం మనకి తెలిసిందే. షెల్టరుంది, వాళ్ళే రారు, వాళ్ళకి వీధే ఇష్టం. హాపర్, ఆయన సహ పరిశోధకురాలు ఎలెన్ బాక్స్టర్ ఈ సమాధానాన్ని పరీక్షకి పెట్టారు. రాత్రిళ్ళు రైల్వే స్టేషన్లలో, సబ్‌వేల్లో, పార్కుల్లో, భవనాల గుమ్మాల్లో ఆ మనుషుల పక్కన గడిపారు. నగరం ఇస్తానన్న షెల్టర్ల లోపలికి కూడా వెళ్ళి చూశారు. 1981లో అచ్చయిన వాళ్ళ నివేదిక చెప్పిన సంగతి చాలా సాదాది. ఆ షెల్టర్లు మురికిగా, కిక్కిరిసి, దెబ్బలాటలతో దొంగతనాలతో నిండి ఉన్నాయి. అక్కడికి పోకుండా గుమ్మంలో పడుకోవడం మతి లేక చేసిన పని కాదు, ఆ రెంటిలో ఏది తక్కువ ప్రమాదమో బేరీజు వేసుకుని చేసిన నిర్ణయం. మనిషి ఉండదగ్గ చోటిస్తే మనుషులు వస్తారు.

ఆ మాట నిజమని రుజువు కావడానికి ఎంతో కాలం పట్టలేదు. రాబర్ట్ హేస్ అనే యువ లాయరు 1979లోనే రాబర్ట్ కల్లహన్ అనే నిరాశ్రయుడి పేరు మీద కేసు వేసి ఉన్నాడు. అవసరంలో ఉన్నవాళ్ళని ఆదుకోవడం రాష్ట్రం బాధ్యతని న్యూయార్క్ రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది కదా, ఆ బాధ్యత నెరవేర్చండి అని అడిగాడు. కోర్టు మందలింపుతో నగరం వార్డ్స్ ఐలండ్‌లో పాత మానసిక ఆస్పత్రి భవనమొకటి తెరిస్తే అది ఇట్టే నిండిపోయింది. 1981 ఆగస్టులో నగరం రాజీకొచ్చి డిక్రీ మీద సంతకం చేసింది. ఆ డిక్రీ భాష చూడండి. మంచం వెడల్పు కనీసం 30 అంగుళాలుండాలి. శుభ్రమైన దుప్పట్లు రెండు, రగ్గు ఒకటి, దిండు ఒకటి ఇవ్వాలి. ప్రతి మనిషికీ సామాను పెట్టి తాళం వేసుకునే అర ఉండాలి. ఒక మనిషి గౌరవాన్ని అంగుళాల్లో, తాళాల్లో రాసిన ఇంత మంచి వచనాన్ని నేను తక్కువ చూశాను. ఆ వాక్యాల వెనక రాత్రిళ్ళు తిరిగి, విని, రాసుకున్న నోట్సు ఉంది. కల్లహన్ మాత్రం ఆ డిక్రీ చూడలేదు. సంతకాలయ్యేలోపే వీధిలో పడుకున్నచోటే చనిపోయాడు.

ఇంకో సంగతి. ఆ డిక్రీ పురుషుల గురించి మాత్రమే. స్త్రీలకి అవే ప్రమాణాలు వర్తించడానికి ఎల్‌డ్రిడ్జ్ వర్సెస్ కాచ్ అని వేరే కేసు వేసి, 1983 దాకా ఆగవలసి వచ్చింది. ఇల్లు లేకపోవడంలో కూడా మన వంతు తర్వాతే! స్త్రీకి ఇల్లు లేకపోవడం అనేదే ఉండదని సమాజం నమ్ముతుంది. తండ్రి ఇల్లు, మొగుడి ఇల్లు, కొడుకు ఇల్లు - ఏదో ఒకటి ఉండే ఉంటుంది, ఈమె తన్నుకుని బయటికొచ్చి ఉంటుంది అనుకుంటుంది. అందుకే వీధిలో ఉన్న పురుషుడు నిరాశ్రయుడవుతాడు, స్త్రీ పిచ్చిదవుతుంది.

హాపర్ వృత్తి జీవితంలో నాకు నచ్చేది ఆయన గెలుపు దగ్గర ఆగిపోకపోవడం. నిరాశ్రయుల కోసం ఏర్పడిన సంఘాల్లో మొదటినుంచీ ఉన్నాడు, జాతీయ స్థాయి కూటమికి అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు. అయినా షెల్టర్లు పెరిగేకొద్దీ, అవే శాశ్వతమైపోతున్నాయని చెప్పిన వాళ్ళలో ఆయనొకడు. 1997లో సహచరులతో కలిసి రాసిన పరిశోధన వ్యాసంలో, తీవ్రమైన మానసిక జబ్బున్న మనుషులు షెల్టరు నుంచి ఆస్పత్రికి, అక్కణ్ణించి జైలుకి, అక్కణ్ణించి ఏ బంధువు ఇంటికో, మళ్ళీ షెల్టరుకి ఎలా తిరుగుతుంటారో చూపించాడు. దాన్ని ఆయన సంస్థల చుట్టుతిరుగుడు అన్నాడు. నాకు గానుగెద్దు గుర్తొచ్చింది. ఒక్కో సంస్థ తన రిజిస్టరులో ఈ మనిషికి "సేవ అందించాం" అని రాసుకుంటుంది. అన్ని రిజిస్టర్లూ కలిపి చదివితే ఆ మనిషికి ఎక్కడా ఇల్లు దొరకలేదని తెలుస్తుంది. కలిపి చదవడమే పరిశోధకుడు చేసిన పని. 2003లో వచ్చిన ఆయన పుస్తకంలో విమానాశ్రయాన్నే ఇల్లు చేసుకున్న మనుషుల గురించి కూడా ఉంది. ప్రయాణికుల్లా కనపడటానికి వాళ్ళు పడే తంటాలు చదివితే, "వీళ్ళకి వీధే ఇష్టం" అన్న మాట ఎంత తేలిగ్గా అన్నదో అర్థమవుతుంది.

"కోలుకోవడం" గురించి ఆయన అడిగిన ప్రశ్న మనకింకా దగ్గరిది. మానసిక వైద్యంలో కోలుకోవడమంటే చాలాకాలం లక్షణాలు తగ్గడమే. గొంతులు వినపడటం ఆగిందా, మందు వేసుకుంటోందా, గొడవ చెయ్యడం మానిందా? హాపర్ 2007లో రాసిన ఒక వ్యాసంలో అమర్త్య సేన్, మార్తా నుస్‌బామ్‌ల సామర్థ్యాల ఆలోచనని తీసుకొచ్చి ఈ కొలత సరిపోదన్నాడు. ఈ మనిషి ఏమి చెయ్యగలుగుతోంది, ఎలా ఉండగలుగుతోంది, తాను విలువిచ్చే బతుకుని ఎంచుకునే వీలు ఆమెకుందా అన్నది చూడాలన్నాడు. లక్షణాలన్నీ తగ్గి, వార్డులో మూలన నిశ్శబ్దంగా కూచున్న స్త్రీ కోలుకున్నట్టా? గొంతులు ఇంకా వినపడుతున్నా తన గదికి తాళం వేసుకుని కూరగాయలకి వెళ్ళొచ్చే స్త్రీ కోలుకోనట్టా? స్త్రీవాదం చదువుకున్నవాళ్ళకి ఈ ప్రశ్న కొత్తది కాదు. "సర్దుకుపోయింది" అన్నదాన్ని "బాగుపడింది" అనుకోకూడదని మనం ఎప్పటినుంచో చెప్తూనే ఉన్నాం.

ఇప్పుడు ఎలెన్ బాక్స్టర్ దగ్గరికొద్దాం. ఆ నివేదిక మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. హాపర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు, ఆయన వ్యాసాలు మనదాకా వచ్చాయి. బాక్స్టర్ ఇళ్ళు కట్టడానికి వెళ్ళింది. 1983లో ఉత్తర మన్‌హాటన్‌లో ఒక సంస్థ మొదలుపెట్టి, పాడుబడిన భవనాల్ని ఒకటొకటిగా బాగుచేయించి, వీధినుంచీ షెల్టర్లనుంచీ వచ్చినవాళ్ళకి సొంత తాళంచెవి ఉన్న గదులిచ్చింది. ఆ సంస్థే 2010ల మధ్యలో షుగర్ హిల్‌లో 124 ఇళ్ళున్న భవనం కట్టి, దానిలోనే చిన్నపిల్లల మ్యూజియం ఒకటి పెట్టింది. వీధిలో తను విన్న మాటలకి ఆమె రాసిన వ్యాఖ్యానం ఆ భవనాలే. కానీ "నిరాశ్రయుల మానవశాస్త్రం" అని ఏ సిలబస్ తిరగేసినా హాపర్ కనపడతాడు, బాక్స్టర్ బ్రాకెట్లో కనపడుతుంది. ఇందులో హాపర్ తప్పేమీ లేదు. రాసినదాన్ని జ్ఞానమనీ, కట్టినదాన్ని సేవ అనీ విడగొట్టి, రెండోదాన్ని స్త్రీల ఖాతాలో వేసే అలవాటు విశ్వవిద్యాలయాలది. మన స్త్రీవాద విభాగాలు కూడా ఆ అలవాటుకి అతీతంగా ఏమీ లేవు.

స్త్రీల "వద్దు" గురించి ప్రత్యేకంగా రాసిన మరో ఇద్దరు మానవశాస్త్రవేత్తల్ని కూడా ఇక్కడ చెప్పాలి. ఇలియట్ లీబో 1984లో తనకి క్యాన్సరని తెలిసి ఉద్యోగం మానేసి, వాషింగ్టన్ దగ్గర అన్నం పెట్టే చోటా, స్త్రీల షెల్టరులోనూ వాలంటీరుగా చేరాడు. ఆ అనుభవంతో రాసిన పుస్తకం 1993లో వచ్చింది. అందులో పెద్ద పెద్ద సిద్ధాంతాల్లేవు. పగలంతా ఎక్కడ కూచోవాలి, సామాను ఎక్కడ దాచుకోవాలి, సరిగ్గా నిద్రపోవడమెలా - వీటి గురించి పేజీలకి పేజీలు ఉన్నాయి. రాతప్రతిని షెల్టరు స్త్రీలచేత చదివించి, వాళ్ళు ఒప్పుకోనిచోట ఆ మాటని కూడా పుస్తకంలో అచ్చేశాడు. మనలో ఎంతమందిమి మన పత్రాన్ని అది ఎవరి గురించో వాళ్ళచేత చదివించాం?

తాన్యా లూర్మన్ షికాగోలో అప్‌టౌన్ అనే పేటలో, ఇల్లు లేని, మానసిక జబ్బున్న స్త్రీల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసి 2008లో ఒక వ్యాసం రాసింది. ఆమె అడిగిన ప్రశ్న ఇదే: ఇల్లిస్తామంటే వీళ్ళెందుకు వద్దంటున్నారు? ఆ ఇల్లు రావాలంటే మానసిక జబ్బుందన్న ముద్ర వేయించుకోవాలి. కానీ వీధిలో "పిచ్చిది" అంటే తట్టుకోలేక కూలిపోయినది అని అర్థం, ఎవరైనా ఏమైనా చెయ్యొచ్చు అని అర్థం. గట్టిగా ఉండటం, ఎదురు తిరగ్గలగడం వాళ్ళని బతికిస్తున్న ఆస్తి. ఇల్లు ఇస్తామంటూ అడుగుతున్నది ఆ ఆస్తినే. కాబట్టి వద్దంటారు. ముద్ర ఒప్పుకోవాలన్న షరతు లేకుండా ఇల్లిచ్చి చూడండని లూర్మన్ సూచించింది. 1992లో న్యూయార్క్‌లోనే సామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అలాంటి పద్ధతిని మొదలుపెట్టి ఉన్నాడు. ముందు ఇల్లు, మందూ మానడమూ తర్వాత సంగతి. అలా ఇచ్చిన ఇళ్ళలో మనుషులు నిలిచారని తర్వాతి పరిశోధనలు పదే పదే చూపించాయి.

ఇక మన సంగతి. మన సాహిత్యంలో వీధిలో తిరిగే పిచ్చి స్త్రీకి కొదవ లేదు. కథలో ఆమె వస్తుంది, నవ్వుతుంది, చిరిగిన చీర సర్దుకోకుండా ఒక నిజం చెప్పేసి వెళ్ళిపోతుంది. మనం వెంటనే ఆమెని ప్రతీక చేస్తాం. పితృస్వామ్యానికి లొంగని గొంతు అంటాం. హేతువు మీద తిరుగుబాటు అంటాం. నేను పిహెచ్.డి. చేసే రోజుల్లో ఒక సెమినార్లో ఇలాంటి పత్రాలు వరసగా నాలుగు విన్నాను. విరామంలో, ఆ హాలుకి రెండు ఫర్లాంగుల దూరంలో బస్‌షెల్టర్లో ఉండే ఆమె గురించి ఎవరో ఎత్తితే ఒక పెద్దావిడ, పేరున్న విమర్శకురాలు, ఏమన్నారో తెలుసా? "పాపం, ఎన్నిసార్లు చెప్పినా రాదుట." పదినిమిషాల క్రితం వేదిక మీద స్త్రీ నిరాకరణలోని శక్తి గురించి మాట్లాడింది కూడా ఆవిడే. కాగితం మీద స్త్రీ "వద్దు" అంటే అది తిరుగుబాటు, బస్‌షెల్టర్లో అంటే అది మొండితనం!

స్టెఫనీ గోల్డెన్ అనే రచయిత్రి న్యూయార్క్‌లో స్త్రీల షెల్టర్లో పనిచేసిన అనుభవంతో 1992లో పుస్తకం రాసింది. బయట తిరిగే స్త్రీని సమాజం మంత్రగత్తెగా, రహస్యంగా, భయంగా ఊహించుకుంటుందనీ, ఆ ఊహ అడ్డుపడి అసలు మనిషి కనపడదనీ ఆమె వాదన. మన ప్రతీకలు ఆ పాత మంత్రగత్తెకి కట్టిన కొత్త చీర అని నేనంటాను. పూజించినా, వెలివేసినా ఆమె మూటలో ఏముందో మనం అడగలేదు.

మూట అంటే గుర్తొచ్చింది. మూడేళ్ళ క్రితం హైదరాబాదులో ఒక స్త్రీల షెల్టర్లో కొన్ని నెలలు వారానికి రెండు సాయంత్రాలు పనిచేశాను. అక్కడి రిజిస్టర్లు సర్దిపెట్టడం నా పని. "వెళ్ళిపోయిన కారణం" అనే గడిలో పేజీల తరబడి ఒకటే మాట: "ఇష్టపడలేదు." ఒకామె పేరు ఎదురుగా "మాటలకి పొంతన లేదు, ఇష్టపడలేదు" అని ఉంది. ఆమె రెండు వీధుల అవతలే ఉండేది. ఒకరోజు పక్కనే కడుతున్న భవనంలో పనికొచ్చిన గంజాం వైపు కూలి స్త్రీని తీసుకెళ్ళి మాట్లాడించాం. పొంతన లేని మాటలన్నీ ఒడియా. తన ఊరి పేరు చెబుతోంది, ఆ ఊరికి దగ్గరి రైల్వే స్టేషను పేరు చెబుతోంది. షెల్టరుకి ఎందుకు రావని అడిగిస్తే ఆమె చెప్పింది: లోపలికి రావాలంటే మూట గేటు దగ్గర పెట్టమన్నారు, పొద్దున్న చూస్తే అందులో తన పిల్ల గౌను లేదు. ఆ కూలి స్త్రీ నా వైపు తిరిగి, "రాను అనలేదమ్మా, గౌను ఎక్కడుందో చెప్తే వస్తానంటోంది" అంది.

1981 నాటి డిక్రీలో తాళం వేసుకునే అర ఎందుకుందో నాకు ఆరోజు పూర్తిగా అర్థమైంది. ఒక అర, ఒక తాళం, ఆమె భాష తెలిసిన ఒక మనిషి. "ఇష్టపడలేదు" అన్న మాట కింద దాక్కున్నది ఇంతే.

మనకి చట్టాల్లేవా అంటే ఉన్నాయి. ఇల్లు లేనివాళ్ళ కోసం 24 గంటలూ తెరిచుండే షెల్టర్లు పెట్టాలని 2010 నుంచీ సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లో లక్ష జనాభాకి కనీసం ఒక షెల్టరన్న లెక్క ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, కుటుంబం తీసుకెళ్ళలేదనో ఇల్లు లేదనో ఎవరినీ ఆస్పత్రిలోనే ఉంచెయ్యకూడదంది, సమాజంలో బతికే హక్కుందంది. అదే 2017 నవంబరులో హైదరాబాదులో ఏం జరిగిందో కూడా గుర్తుంచుకోండి. అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకి ఇవాంకా ట్రంప్ వస్తోందని నగరంలో బిచ్చమెత్తడం నిషేధించి, వీధుల్లో ఉన్నవాళ్ళని ఏరి జైళ్ళ ఆవరణల్లో ఉన్న ఆశ్రమాలకి తరలించారు. ఆ సదస్సు నినాదం "స్త్రీలే ముందు, అందరికీ సంపద". ముందున్న స్త్రీలని వ్యాన్లలో ఎక్కించి వెనక్కి పంపాక మిగిలిన స్త్రీలతో సదస్సు బాగానే జరిగింది. ఆ రోజుల్లో ఎవరినీ "నీకు ఇష్టమేనా" అని అడిగిన గుర్తు లేదు. అంటే, ఏమీ ఇవ్వకుండా ఉండాలనుకున్నప్పుడు ఆమె ఇష్టం మనకి గుర్తొస్తుంది, ఏరిపారెయ్యాలనుకున్నప్పుడు గుర్తు రాదు.

నాకు వచ్చే అభ్యంతరాలు తెలుసు. మొదటిది: అమెరికా సంగతి వేరు, మనకి కుటుంబముంది. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళు భారతదేశం లాంటిచోట్ల మెరుగ్గా కోలుకుంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనాలు చెప్పాయి, ఆగ్రా, చండీగఢ్ వంటి ఊళ్ళ పేర్లు వాటిలో ఉన్నాయి. ఆ దీర్ఘకాల పరిశోధనని 2007లో పుస్తకంగా తెచ్చినవాళ్ళలో హాపర్ కూడా ఉన్నాడు. కానీ "కుటుంబం" అనే మాటని అలాగే మింగెయ్యకుండా విప్పి చూడాలి. ఆ కుటుంబంలో అన్నం పెట్టేదెవరు, రాత్రి మేలుకునేదెవరు, మందు గుర్తుపెట్టుకునేదెవరు? తల్లి, భార్య, ఆడబడుచు. జబ్బు భార్యకే వస్తే? చెన్నైలోని స్కిజోఫ్రెనియా పరిశోధన సంస్థవాళ్ళు 2003లో, జబ్బుతోపాటు పెళ్ళి కూడా విరిగిపోయిన స్త్రీల గురించి రాశారు. చాలామందికి చట్టప్రకారం విడాకుల్లేవు, మనోవర్తి లేదు. పుట్టింట్లో ముసలి తల్లిదండ్రుల దగ్గర ఉంటున్నారు. ఆ తల్లిదండ్రులు పోయాక? కుటుంబం ఉందన్న గర్వం ఈ ప్రశ్న దగ్గర నోరు మూసుకోవాలి.

రెండో అభ్యంతరం: నిజంగానే జబ్బు ముదిరి, చలికో ఆకలికో చచ్చిపోయేలా ఉంటే కూడా ఆమె "వద్దు"ని గౌరవిస్తూ కూచోవాలా? కూచోమని ఎవరూ అనలేదు. ఆమె ప్రాణానికి ప్రమాదమున్నప్పుడు వైద్యం చేసే దారి చట్టంలో ఉంది. నా గొడవ అత్యవసర పరిస్థితి గురించి కాదు, పదేళ్ళుగా అదే మూల పడుకుంటున్నామెని పదేళ్ళుగా అదే చెత్త చోటుకి రమ్మని, రాలేదని రాసుకోవడం గురించి. చెన్నైలో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ 1993లో మొదలుపెట్టిన బాన్యన్ సంస్థ 2015 నుంచి ఇంకో దారి చూపిస్తోంది. ఏళ్ళ తరబడి సంస్థలోనే ఉండిపోయిన స్త్రీలు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంటారు, వండుకుంటారు, పోట్లాడుకుంటారు, సాయానికి ఒక మనిషి ఉంటుంది. "వీళ్ళిక ఎక్కడికీ వెళ్ళలేరు" అని ఫైళ్ళలో ముద్ర పడిన స్త్రీలే బజారుకి వెళ్తున్నారు. మారింది వాళ్ళకిచ్చిన చోటు.

మూడోది మనవాళ్ళు అనే మాట: ఇతరుల కష్టం మీద పరిశోధకులు కెరీర్లు కట్టుకుంటారు. కట్టుకుంటారు, నిజమే. ప్రశ్న ఆ కెరీర్ చివర ఏం మిగిలిందన్నది. హాపర్, బాక్స్టర్ల పని చివర తాళం వేసుకునే అర మిగిలింది, గది మిగిలింది. మన సెమినార్ల చివర సావనీర్ మిగులుతుంది.

సాధించినవి నిలుస్తాయన్న భ్రమ కూడా అక్కర్లేదు. 2024 జనవరిలో ఒక్క రాత్రి లెక్కకి అమెరికాలో 7,71,480 మంది ఇల్లు లేకుండా ఉన్నారు. అదే ఏడాది మార్చిలో న్యూయార్క్ నగరం కొత్తగా వచ్చిన ఒంటరి వలసదారులకి షెల్టరు హక్కుని కుదించుకుంది. జూన్‌లో, పడుకోవడానికి వేరే చోటు లేకపోయినా బయట పడుకున్నందుకు శిక్షించవచ్చని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జులైలో ఆ దేశాధ్యక్షుడు, ముందు ఇల్లివ్వడమన్న విధానానికి మద్దతు ఆపమనీ, వీధిలో ఉన్నవాళ్ళని బలవంతంగా ఆస్పత్రుల్లో పెట్టే దారులు సులువు చెయ్యమనీ ఉత్తర్వు జారీ చేశాడు. మళ్ళీ ఆ పాత వాక్యమే: వాళ్ళకే ఇష్టం లేదు. ఆ వాక్యాన్ని ప్రతి తరంలోనూ కొత్తగా పరీక్షకి పెట్టేవాళ్ళు కావాలి.

అందుకని నేను అడిగేవి చిన్నవి, స్పష్టమైనవి. ప్రతి షెల్టర్లోనూ ప్రతి స్త్రీకీ తాళం వేసుకునే పెట్టె, తాళంచెవి ఆమె చేతిలో. పగలు కూడా తెరిచుండే తలుపు. జబ్బు ఒప్పుకుంటేనే చోటన్న షరతు ఎత్తెయ్యడం. షెల్టరు దాటాక, అద్దె ఇంటికి ప్రభుత్వ డబ్బు. రిజిస్టర్లో "ఇష్టపడలేదు" అన్న గడి కొట్టేసి, "ఏమిస్తామన్నాం, ఎందుకు వద్దంది - ఆమె మాటల్లో, ఆమె భాషలో" అని రెండు గడులు.

ఆ రెండో గడి నింపగలిగేవాళ్ళు ఎవరు? పొంతన లేదన్న మాటల్లో పొంతన వెతకడం, మౌనాన్ని చదవడం, ఒకే మనిషి గురించి నాలుగుచోట్ల రాసిన నాలుగు కథనాల్ని పక్కపక్కన పెట్టి ఏది దాచారో పట్టుకోవడం - ఇవి ఎవరి చదువు? మనదే. తెలుగు, ఒడియా, తమిళం, ఉర్దూ, హిందీ విభాగాల్లో వందలమంది అమ్మాయిలం ఈ చదువు చదివాం. మన ఊళ్ళో ఉన్న షెల్టర్ల రిజిస్టర్లు చదవడానికి, సమాచార హక్కు చట్టం కింద వాటి లెక్కలడగడానికి, వారానికి ఒక సాయంత్రం ఆ గేటు దగ్గర కూచుని మాట్లాడటానికి మనకి అడ్డమేమిటి?

గంజాం ఆమె తన ఊరి పేరు చెప్పినప్పుడు రాసుకోవడానికి ఒక కాగితం, ఆ భాష తెలిసిన ఒక మనిషి చాలయ్యాయి. అంతకుముందు ఆ రిజిస్టర్లో ఆమె పేరు ఎదురుగా పదకొండు సంతకాలున్నాయి, పదకొండుసార్లు "ఇష్టపడలేదు" అని ఉంది.